నాలుగు పాటల రాబడి: ఏడాది లెక్క

రాజమహేంద్రవరంలో ఒక ఆడిటర్ గారి కార్యాలయంలో ఇరవై రెండేళ్లుగా ఇతరుల జమాఖర్చులు చూస్తూ బతుకుతున్న నేను, 2023 వేసవిలో సొంత డబ్బు 62,000 రూపాయలు పెట్టి నాలుగు పాటలు రికార్డు చేయించాను. పడవ మీద, వాన మీద, అమ్మ మీద రాసిన మూడింటికి సాహిత్యం, బాణీ రెండూ నావే. నాలుగోది అన్నమాచార్య కీర్తన. పాడింది నా మేనకోడలు. వయొలిన్ వాయించినవారు మా ఊళ్లో నలభై ఏళ్లుగా కచేరీలకూ రికార్డింగులకూ వాయిస్తున్న ఒక మాస్టారు. మృదంగం, ఘటం ఒక్కరే వాయించారు. మిక్సింగు చేసినవాడు హైదరాబాదులో స్థిరపడిన నా చిన్ననాటి మిత్రుడు. ఆ పాటలు స్ట్రీమింగ్ సర్వీసుల్లోకి వెళ్లినప్పటి నుంచి వాటి మీద డబ్బు నా బ్యాంకు ఖాతాలో పడేదాకా ఏం జరిగిందో, ఆ డబ్బు ఎక్కడ ఆగిందో, ఎక్కడ తరిగిందో వృత్తిలో అబ్బిన అలవాటు కొద్దీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఇక్కడ చెబుతున్నదంతా ఆ పుస్తకంలోదే.

రికార్డింగుకు ముందురోజు రాత్రి ఒక తెల్లకాగితం మీద వాటాలు రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాను. రికార్డింగు మీద వచ్చే సొమ్ములో పెట్టుబడి పెట్టిన నాకు 40 శాతం, గాయనికి 20, వయొలిన్‌కు 15, మిక్సింగుకు 15, మృదంగానికి 10. వాద్యకారులకు ఆ రోజు ఇవ్వాల్సిన పారితోషికం వేరే ఇచ్చాను. ఈ వాటా దానికి అదనం. మాస్టారు కళ్లజోడు సవరించుకుని కాగితం రెండుసార్లు చదివి, "ఏమయ్యా, వాయించేసి ఇంటికెళ్లిపోయాక కూడా డబ్బులొస్తాయా? నా సర్వీసులో ఇలాంటి కాగితం చూళ్లేదు" అని నవ్వుతూనే సంతకం చేశారు. మా మిత్రబృందంలో కొందరు ఆ కాగితాన్ని చూసి చాదస్తమన్నారు. ఏడాది తర్వాత రూపాయి పైసలతో సహా పంచవలసి వచ్చినప్పుడు నాకు అక్కరకు వచ్చిన పత్రం అదొక్కటే.

కీర్తన విషయంలో మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా జీవించినవాడు కనుక సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా పాడుకోవచ్చు. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుందే తప్ప స్వరం ఉండదు. ఈనాడు మనం వింటున్న బాణీల్లో చాలావాటిని కట్టినవారు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు. మన దేశంలో సంగీత రచన మీద కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఉదాహరణకు 1979లో కన్నుమూసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కట్టిన బాణీ మీద 2039 చివరిదాకా హక్కు ఉంటుంది. 2014లో వెళ్లిపోయిన నేదునూరి కృష్ణమూర్తి గారి బాణీల సంగతి చెప్పనక్కర్లేదు. నేను పాడించాలనుకున్న కీర్తనకు ప్రచారంలో ఉన్న బాణీ ఎవరిదో ఆరా తీస్తే ఆధునికులదేనని తేలింది. అందుకని అదే సాహిత్యానికి వేరే రాగంలో నేనే బాణీ కట్టాను. భక్తి పాటలు పాడి నెట్‌లో పెట్టేవారిలో చాలామంది, "అన్నమయ్యది కదా, అందరిదీ" అనుకుని ఇక్కడే పొరబడుతుంటారు.

పాటలు తయారయ్యాక ఒక ఆడియో సంస్థ కబురు చేసింది. నాలుగింటికీ కలిపి 15,000 రూపాయలు ఇస్తామని, ప్రచారం తామే చూసుకుంటామని చెప్పి ఒప్పంద పత్రం పంపారు. దాంట్లో సాహిత్యం, బాణీ మీద వచ్చే రాయల్టీని కూడా శాశ్వతంగా వదులుకుంటున్నట్టు ఒక వాక్యం ఉంది. కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ ఉండే రాయల్టీ వాటాను వారసులకూ, రాయల్టీ వసూలు చేసి పంచే సంఘమైన కాపీరైట్ సొసైటీకీ తప్ప మరొకరికి రాసివ్వడం చెల్లదు. ఆ సంగతి మర్యాదగా రాసి పంపాను. మళ్లీ జవాబు రాలేదు. రికార్డింగు హక్కు వేరు, రచన హక్కు వేరు అన్న తేడాను నాకు ఏ పుస్తకమూ అంత స్పష్టంగా చెప్పలేదు, ఆ ఒక్క వాక్యం చెప్పింది. ఒక పాట అంటే చట్టం దృష్టిలో రెండు ఆస్తులు. ఒకే స్థలంలో నేల ఒకరి పేరున, ఇల్లు ఒకరి పేరున ఉన్నట్టు. స్ట్రీమింగ్ సంస్థ ఒక్కసారి పాట వినిపించినప్పుడు ఆ రెండింటికీ విడివిడిగా అద్దె పుడుతుంది, విడివిడి దారుల్లో ప్రయాణం చేస్తుంది. రెండు చోట్లా మనం పేరు నమోదు చేయించుకోకపోతే ఒక అద్దె మన ఇంటి తలుపు తట్టదు.

మొదటి దారి డిస్ట్రిబ్యూటరుది. నాబోటి ఒంటరి మనిషి నేరుగా స్పాటిఫైకో ఆపిల్ మ్యూజిక్‌కో పాట ఇవ్వడం కుదరదు. మధ్యలో ఒక డిస్ట్రిబ్యూటరు ఉండాలి. వీరిలో ఏడాదికింత రుసుము కట్టించుకుని రాబడి మొత్తం మనకే వదిలేవారు ఉన్నారు, ముందు ఏమీ అడగకుండా రాబడిలో వాటా కోసుకునేవారూ ఉన్నారు. నేను ఏడాదికి 2,100 రూపాయల చొప్పున కట్టే పద్ధతి ఎంచుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, నాలుగు పాటలకు ఆ లెక్క అంత లాభసాటి కాదు. ఏటా కట్టకపోతే పాటలు దిగిపోతాయి. అంటే బతికి ఉన్నంతకాలం ఆ పాటలకు అద్దె నేనే కట్టాలి.

పాట అప్పగించేటప్పుడు ప్రతి రికార్డింగుకూ ఐ.ఎస్.ఆర్.సి. అనే 12 అక్షరాల సంకేతం ఉండాలి. ప్రపంచంలో ఆ రికార్డింగుకు అదే ఆధార్ సంఖ్య. మన దేశంలో ఆ సంకేతాలు ఇచ్చేది ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ అనే సంఘం. విడిగా తీసుకోకపోతే డిస్ట్రిబ్యూటరే ఒకటి కేటాయిస్తాడు. నాకు అలాగే వచ్చింది. అది క్యూ జెడ్ అని మొదలైంది, అంటే అమెరికాకు కేటాయించిన అక్షరాలు. గోదావరి రేవు మీద రాసిన పాటకు అమెరికా పౌరసత్వం వచ్చిందని మా మేనకోడలు వేళాకోళం చేసింది. ఈ సంకేతాలను నోటు పుస్తకంలో మొదటి పేజీలోనే రాసిపెట్టుకున్నాను, ఎందుకంటే రేపు డిస్ట్రిబ్యూటరును మార్చినా ఇవే సంకేతాలతో పాటను మళ్లీ ఎక్కిస్తేనే పాత లెక్క కొనసాగుతుంది, లేకపోతే పాట మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

2023 దసరాకు విడుదల పెట్టుకుని పండగ ఐదు రోజులుందనగా పాటలు ఎక్కించాను. స్పాటిఫై సంపాదకవర్గం వారి ప్లేలిస్టులకు పాటను పరిశీలించాలంటే విడుదలకు కనీసం వారం ముందే అర్జీ పెట్టుకోవాలన్న సంగతి అప్పటికి తెలియదు. ఆ తప్పు పూర్తిగా నాది. విడుదలనాడు మరో తప్పు బయటపడింది, అది మాత్రం నాది కాదు. మా మేనకోడలి పేరే ఉన్న మరో గాయని పేజీలోకి మా పాటలు నాలుగూ వెళ్లిపోయాయి. ఆమె పాడేది వేరే భాషలో. ఆమె శ్రోతలు మా పడవ పాట విని ఏమనుకున్నారో తెలియదు. డిస్ట్రిబ్యూటరుకు ఉత్తరం మీద ఉత్తరం రాయగా, ప్రతిసారీ కొత్త మనిషి మొదటి నుంచి అడగగా, మూడు వారాలకు పాటలు సొంత పేజీకి చేరాయి. పండగ వేడి అప్పటికి చల్లారిపోయింది.

మొదటి లెక్క జనవరిలో వచ్చింది, అక్టోబరు నెలది. సగటున రెండు మూడు నెలలు ఆలస్యంగానే వస్తాయి. లెక్క అంటే ఎక్సెల్‌లో తెరుచుకునే ఒక ఫైలు. ఒక్కొక్క వరుసలో నెల, సర్వీసు, దేశం, చందా రకం, పాట, ఎన్ని స్ట్రీములు (అంటే ఎన్నిసార్లు విన్నారు), ఎన్ని డాలర్లు. అంతకుముందు నేను కూడా అందరిలాగే "ఒక స్ట్రీముకు ఎన్ని పైసలు?" అని అడిగేవాణ్ణి. ఆ ప్రశ్నే సరైనది కాదని ఫైలు చూశాక అర్థమైంది. డిసెంబరు నెలలో ఒకే సర్వీసులో, ఒకే పాటకు ఉన్న రెండు వరుసలు ఇవి: అమెరికాలో డబ్బు కట్టే చందాదారులు విన్నవి 318 స్ట్రీములు, రాబడి 1.14 డాలర్లు, భారతదేశంలో ప్రకటనలతో ఉచితంగా వినేవారివి 4,870 స్ట్రీములు, రాబడి 0.97 డాలర్లు. 318 స్ట్రీములు తెచ్చిన డబ్బు 4,870 స్ట్రీములు తెచ్చినదాన్ని మించింది. తప్పు పడిందేమోనని మూడుసార్లు సరిచూశాను. తప్పు లేదు.

గోదావరి జిల్లాల్లో పొలం ఇచ్చేటప్పుడు ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకుంటే మక్తా అంటారు, పండినదాంట్లో వంతు పంచుకుంటే సంగోరు అంటారు. స్ట్రీమింగ్ రాబడి మక్తా కాదు, సంగోరు. స్పాటిఫై వంటి సంస్థ ఒక నెలలో ఒక దేశంలో వచ్చిన చందా సొమ్మునూ ప్రకటనల సొమ్మునూ విడివిడిగా కుప్ప పోస్తుంది. దాంట్లో ఇంచుమించు మూడింట రెండు వంతులు హక్కుదారుల భాగమని ఆ సంస్థే చెబుతోంది. ఆ నెలలో ఆ దేశంలో జరిగిన మొత్తం స్ట్రీముల్లో మన పాటల స్ట్రీములు ఎంత వంతో, ఆ భాగంలో అంత వంతు మనది. కుప్ప చిన్నదైతే వంతూ చిన్నదే. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై మన దేశానికి వచ్చినప్పుడు నెల చందా 119 రూపాయలు. అదే సమయంలో అమెరికాలో 9.99 డాలర్లు. పైగా మనవాళ్లలో అధికశాతం ఉచితంగా, ప్రకటనలు భరిస్తూ వినేవారే. కనుక ఏలూరులో వినే వెయ్యి మంది కన్నా డాలస్‌లో వినే వంద మంది ఎక్కువ రాబడి తెస్తారు. ఏలూరు శ్రోతలకు పాట మీద ప్రేమ తక్కువై కాదు, వారి కుప్ప చిన్నది, దాంట్లో పంచుకునేవారు ఎక్కువ. ఆపిల్ మ్యూజిక్‌లో శాశ్వతంగా ఉచితంగా వినే పద్ధతి లేదు. 2021లో కళాకారులకు రాసిన లేఖలో ఆ సంస్థ తమ సగటు చెల్లింపు స్ట్రీముకు ఒక సెంటు అని చెప్పుకుంది. నా ఫైలులో ఆ సంస్థ వరుసలు తక్కువే అయినా ఒక్కొక్క వరుస బరువు ఎక్కువ.

ఈ సంగోరులో ఒక అన్యాయం ఉందని మా మేనకోడలు కనిపెట్టింది. ఒక నెల తను డబ్బు కట్టి చందా తీసుకుని, పరీక్షల ఒత్తిడిలో వేరే ఏమీ వినకుండా మా పాటలే పెట్టుకుంది. "మావయ్యా, నేను కట్టిన 119 రూపాయల్లో మనకు రావలసిన వాటా పూర్తిగా మనకే రావాలి కదా?" అని అడిగింది. రాదు. తను కట్టింది ఉమ్మడి కుప్పలో కలిసిపోతుంది. రోజంతా దుకాణంలో సినిమా పాటలు మోగించే చందాదారుడు నెలకు వేల స్ట్రీములు లెక్కకు ఎక్కిస్తాడు కనుక, మా పిల్ల డబ్బులో ఎక్కువ భాగం తను ఎన్నడూ వినని పాటలకు పోతుంది. ఎవరి చందా వారు విన్న కళాకారులకే పంచే పద్ధతి కూడా లోకంలో ఉంది, సౌండ్‌క్లౌడ్ అనే సర్వీసు 2021లో దాన్ని మొదలుపెట్టింది. చిన్నవాళ్లకు అదే మేలని నా అభిప్రాయం. కానీ పెద్ద సర్వీసులేవీ ఆ దారికి పూర్తిగా రాలేదు.

పాటను కనీసం 30 సెకన్లు వింటేనే స్ట్రీముగా లెక్క. ఈ నియమం మా కీర్తనను గట్టి దెబ్బ కొట్టింది. దాని ఆరంభంలో మాస్టారు వాయించిన రాగాలాపన 48 సెకన్లు ఉంటుంది. గొంతు వినబడేలోపే చాలామంది దాటేస్తున్నారని కళాకారులకు ఇచ్చే గణాంకాల పేజీ చూపించింది. మా మిత్రుడు, ఆలాపనను పన్నెండు సెకన్లకు కుదించి మళ్లీ ఎక్కిద్దామన్నాడు. మాస్టారిని అడిగితే ఆయన కొద్దిసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాగం ముఖం చూపించకుండా పల్లవి ఎత్తుకోమంటావా? వినేవాళ్లకు తీరిక లేకపోతే నేనేం చేసేదయ్యా" అన్నారు. నేను కుదించలేదు. వ్యాపారబుద్ధితో చూస్తే అది తప్పే.

అమ్మ మీద రాసిన పాట సంగతి వేరు. దాన్ని ఏడాది మొత్తం మీద స్పాటిఫైలో విన్నది 740 సార్లు. 2024 ఆరంభం నుంచి ఆ సంస్థలో ఒక కొత్త నియమం అమలైంది: గడచిన పన్నెండు నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు లేని పాటకు రికార్డింగు రాయల్టీ ఉండదు, ఆ సొమ్ము మిగతా పాటల కుప్పలో కలుస్తుంది. అలాంటి పాటలకు సగటున నెలకు 3 సెంట్లే వస్తున్నాయని, అవి డిస్ట్రిబ్యూటర్ల కనీస మొత్తానికి చేరక కళాకారుడి చేతికి అందడమే లేదని సంస్థ వాదన. నిజమే, నేను పోగొట్టుకున్నది లెక్క వేస్తే పాతిక రూపాయలు దాటదు. అయినా 2024 వరుసల్లో ఆ పాట ఎదురుగా స్ట్రీములూ, పక్కన సున్నా అని రాబడీ చూస్తే, ఖాతాల్లో ఇరవై రెండేళ్లు పండినవాడికి ఒళ్లు మండుతుంది. చిల్లర అయినా జమ జమే.

యూట్యూబ్ దగ్గర జరిగింది మాత్రం తలుచుకుంటే నవ్వొస్తుంది. పాటలు అప్పగించేటప్పుడు కంటెంట్ ఐడి అనే గడిలో టిక్కు పెట్టాను. అలా పెడితే ఎవరి వీడియోలోనైనా మన పాట వినబడినప్పుడు యూట్యూబ్ పసిగట్టి, ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల సొమ్మును హక్కుదారుకు మళ్లిస్తుంది. డిస్ట్రిబ్యూటరు దాంట్లో ఐదో వంతు తీసుకుంటాడు. నెల తిరక్కుండా నా సొంత చానల్లో నేనే పెట్టిన పడవ పాట వీడియో మీద కాపీరైటు క్లెయిము పడింది. ఫిర్యాదుదారు ఎవరయ్యా అని చూస్తే, డిస్ట్రిబ్యూటరు ద్వారా నేనే. సొంత చానలును మినహాయింపు జాబితాలో చేర్చాలని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చేర్పించాక ఆ బెడద పోయింది. నా చానలుకు ఉన్నది 640 మంది చందాదారులు. ప్రకటనల సొమ్ము పంచుకోవాలంటే కనీసం 1,000 మంది చందాదారులు ఉండాలి కనుక అక్కడ నేరుగా ఏమీ రాదు. ఎవరో తమ గృహప్రవేశం వీడియోకు మా కీర్తన పెట్టుకున్నారు, దాని మీద 14 సెంట్లు వచ్చాయి. వాళ్ల ఇల్లు చల్లగా ఉండాలి.

రెండో దారి, అంటే సాహిత్యానికీ బాణీకీ వచ్చే సొమ్ము, డిస్ట్రిబ్యూటరు ఫైలులో కనబడదు. మన దేశంలో దాన్ని వసూలు చేసి పంచే సంస్థ ఐ.పి.ఆర్.ఎస్., 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. పాన్ కార్డు, బ్యాంకు వివరాలు, విడుదలైన పాటల ఆధారాలు ఇచ్చి సభ్యత్వం తీసుకున్నాను. సభ్యత్వం వచ్చినంత మాత్రాన సరిపోదు, ఒక్కొక్క పాటనూ విడిగా నమోదు చేయించాలి. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికెంత అని రాయాలి. మూడు పాటలకు రెండు గడుల్లోనూ నా పేరే రాశాను. కీర్తన దగ్గర సాహిత్యం సార్వజనికమని రాసి, బాణీకి మాత్రం నా పేరు పెట్టాను. పేరు పూర్తిగా అన్నమయ్య అని రాయాలా, తాళ్లపాక అన్నమాచార్యులు అని రాయాలా అని కాసేపు తటపటాయించాను కూడా. కొన్ని నెలలకు మొదటి చెల్లింపు 431 రూపాయలు వచ్చింది. చిన్న మొత్తమే, కానీ నమోదు చేయించకపోతే అది కూడా రాదు. నాకు తెలిసిన స్వతంత్ర స్వరకర్తల్లో డిస్ట్రిబ్యూటరు ఫైలుతోనే లెక్క అయిపోయిందనుకునేవారే ఎక్కువ. అమెరికాలో స్ట్రీమింగుకు సంబంధించిన మెకానికల్ రాయల్టీని, అంటే రచనను ప్రతి చేసి వినిపించినందుకు పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ వచ్చే సొమ్మును, 2021 జనవరి 1 నుంచి ఎం.ఎల్.సి. అనే సంస్థ పంచుతోంది. అక్కడ తెలుగువారు ఇంతమంది ఉన్నప్పుడు తెలుగు పాటకు అది పట్టించుకోవలసిన వ్యవహారమే.

మధ్యలో ఒక గండం వచ్చింది. మా బంధువుల కుర్రాడొకడు మంచి మనసుతోనే, నాకు చెప్పకుండా, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరికో 1,500 రూపాయలు ఇచ్చి వాన పాటకు 'ప్రమోషన్' చేయించాడు. నాలుగు రోజుల్లో ఒక్క విదేశీ నగరం నుంచి వేలకొద్దీ స్ట్రీములు కనబడ్డాయి. మా ఊరి వాన మీద ఆ నగరానికి అంత మోజు ఎందుకా అని అనుమానించేలోపే డిస్ట్రిబ్యూటరు నుంచి హెచ్చరిక వచ్చింది, కృత్రిమ స్ట్రీములను లెక్కలోంచి కొట్టేశారు. ఇలాంటివి ఎక్కువైతే పాటకింత అని డిస్ట్రిబ్యూటరు మీద జరిమానా పడుతుంది, అతడు మన ఖాతాలోంచి వసూలు చేస్తాడు. కుర్రాణ్ణి ఏమీ అనలేదు. వాడి 1,500 మాత్రం వాడికి తిరిగి రాలేదు.

పన్నెండు నెలల మొత్తం, అంటే 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా, ఇలా తేలింది. స్ట్రీములు 86,410, రాబడి, యూట్యూబ్ సొమ్ముతో కలిపి, 82.40 డాలర్లు. దాంట్లో భారతదేశం నుంచి 71,300 స్ట్రీములకు 27.90 డాలర్లు, అమెరికా నుంచి 9,870 స్ట్రీములకు 38.20, గల్ఫ్, ఆస్ట్రేలియా, బ్రిటన్ వగైరాలన్నీ కలిపి 5,240 స్ట్రీములకు 16.30. నూటికి ఎనభై రెండు వంతుల స్ట్రీములు ఇక్కడివి, సొమ్ములో వాటి భాగం మూడో వంతు. మధ్యలో కొన్ని వరుసలు మాయం కావడం కూడా గమనించాను: 2024 జనవరి చివర రెస్సో అనే సర్వీసు మన దేశంలో ఆగిపోయింది, అదే ఏడాది తన సర్వీసు వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ఎయిర్‌టెల్ ప్రకటించింది. ఏ సర్వీసు ఎంతకాలం ఉంటుందో నమ్మకం లేని చోట పాట పాతబడే కొద్దీ సంపాదిస్తుందన్న లెక్కలు వేసుకోవడం కష్టం.

పన్ను సంగతి నా వృత్తికి దగ్గరిది కనుక రెండు మాటలు ఎక్కువ చెబుతాను. అమెరికాలో పుట్టిన రాయల్టీ మీద ఆ దేశం 30 శాతం పన్ను ముందే పట్టుకోవచ్చు. డిస్ట్రిబ్యూటరు దగ్గర డబ్ల్యు-8బెన్ అనే ఫారం నింపి, పాన్ సంఖ్య ఇచ్చి, భారత్-అమెరికా పన్ను ఒప్పందాన్ని ఉదహరిస్తే అది 15 శాతానికి తగ్గుతుంది. ఈ ఫారాన్ని మొదట్లోనే నింపాలి. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరిదాకా చెల్లుతుంది. నాకు 38.20 మీద 5.73 డాలర్లు కోత పడింది, అంటే దాదాపు 481 రూపాయలు. అక్కడ కట్టిన పన్నును ఇక్కడి పన్నులో సర్దుబాటు చేసుకోవడానికి అప్పట్లో ఫారం 67 దాఖలు చేయాల్సి వచ్చింది. మా ఆడిటర్ గారు ఆ ఫారం చూసి, "ఏవండీ, మన క్లయింట్లలో విదేశీ పన్ను కట్టిన కళాకారుడు మీరొక్కరే" అని, రుసుము తీసుకోకుండానే దాన్ని దాఖలు చేయించారు.

మిగిలిన 76.67 డాలర్లను 2024 డిసెంబరులో తెప్పించుకున్నాను. డాలరు 84 రూపాయల చొప్పున చూసినా 6,440 రావాలి. డబ్బు పంపే సంస్థ రుసుము, మారకంలో తరుగు పోగా, ఇది ఏ పని మీద వచ్చిన సొమ్మో చెప్పే కోడ్ ఇవ్వమని బ్యాంకు వారు అడగ్గా రెండుసార్లు తిరిగి, చివరకు ఖాతాలో పడింది 5,912 రూపాయలు.

ఇక పంపకం. డిస్ట్రిబ్యూటరు దగ్గర వాటాలు దానంతట అదే పంచే సౌకర్యం ఉంది కానీ దానికి ప్రతి ఒక్కరికీ ఈమెయిలు, ఖాతా ఉండాలి. మాస్టారికి వాట్సాప్ చాలనుకునే స్వభావం. వార్షిక రుసుము 2,100 ముందు మినహాయించి మిగిలినదే పంచాలని మిత్రుడు అన్నాడు. న్యాయంగా చూస్తే అతడి మాట తప్పు కాదు, కానీ మా కాగితంలో 'వచ్చిన సొమ్ములో' అని ఉంది, 'ఖర్చులు పోగా' అని లేదు. ఆ వాక్యం రాసింది నేనే కనుక దాని భారం నేనే మోశాను. మేనకోడలికి 1,182, మృదంగానికి 591, మిత్రుడికి 887, మాస్టారికి 887 ఫోన్లోనే పంపేశాను. నా 40 శాతం 2,365లో రుసుము తీసేస్తే నాకు మిగిలింది 265 రూపాయలు.

పావుగంటకు మాస్టారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, నా ఖాతాలో ఎనిమిది వందల ఎనభై ఏడు పడ్డాయి. ఎవరో పొరపాటున వేశారు. తిరిగి పంపమని లింకు వస్తుందట కదా, నొక్కొద్దని మా అబ్బాయి చెబుతున్నాడు."

"పొరపాటు కాదు మాస్టారూ, నేనే పంపాను. పోయినేడు మనం చేసిన పాటల మీద వచ్చిన మీ వాటా."

అవతల కొంతసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఆ ఏడు రూపాయలేమిటి?" అన్నారు. పదిహేను శాతం లెక్క వివరించాను. ఎక్కడివాళ్లు విన్నారని అడిగారు. ఫైలు తెరిచి, దేశాల పేర్లు ఒక్కొక్కటీ చదివాను. అమెరికా, కువైట్, ఆస్ట్రేలియా, సింగపూర్ దాకా ఊఁ కొడుతూ విని, కీర్తనను ఎందుకు తక్కువమంది విన్నారని అడిగారు. ముప్ఫై సెకన్ల సంగతి మళ్లీ చెప్పాను, ఆలాపన నలభై ఎనిమిది సెకన్లని గుర్తుచేశాను.

"అంటే ముప్ఫై సెకన్లు వింటే డబ్బు ఖాయం, ఆ తర్వాత కట్టేసినా ఫరవాలేదు. అంతేనా?"

"అంతే మాస్టారూ."

"మరైతే వచ్చే పాటలో ఆ మొదటి ముప్ఫై సెకన్లూ నాకే ఇచ్చెయ్. పారిపోకుండా కూర్చోబెట్టే పని నేను చూసుకుంటాను, ఆ తర్వాత మీ మేనకోడలు నిదానంగా పాడుకుంటుంది."